పెట్టెలో ఉండిపోయిన సినిమా గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ నవలిక రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క రాత్రిలో, రెండోసారి పెన్సిల్ పట్టుకుని నాలుగు రోజులు. నూట నలభై పేజీల్లో ఇరవై పేజీలు నాకు ఎంతగానో నచ్చాయి. మొదటి పుస్తకానికి అది మంచి లెక్క, కాబట్టి ఈ ఉత్తరం పొడవు చూసి టెన్షన్ పడకు. నచ్చని పుస్తకం గురించి ఎవరూ ఇంత రాయరు.

నువ్వు పట్టుకున్న కథ మంచిది. 1974లో మద్రాసులో తీస్తూ తీస్తూ ఆగిపోయిన ఒక మలయాళం సినిమా, దాని దర్శకుడు ఆలప్పుళ కుర్రాడు, హీరోయిన్ కాకినాడ నుంచి వెళ్ళిన మన తెలుగమ్మాయి. ఇద్దరూ ప్రేమించుకుంటారు, సినిమా ఆగిపోతుంది, వాళ్ళూ విడిపోతారు, యాభై ఏళ్ళ తర్వాత ఆ దర్శకుడి తమ్ముడి మనవరాలికి అటక మీద రీళ్ళ డబ్బాలు దొరుకుతాయి. మలయాళం సినిమాలో తెలుగు హీరోయిన్ ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనని నువ్వు భయపడి రెండు పేజీలు వివరణ రాశావు, అది తీసెయ్. తెనాలి నుంచి వెళ్ళిన శారద 1965లో ‘ఇణప్రావుకళ్’తో మలయాళంలో మొదలుపెట్టి, మూడేళ్ళకి ‘తులాభారం’తో జాతీయ ఉత్తమ నటి అయ్యింది, ‘స్వయంవరం’తో మళ్ళీ అయ్యింది. గుంటూరు జిల్లాలో పుట్టిన జానకి పాట లేకుండా ఆ కాలపు మలయాళీల బాల్యమే లేదు. నీ హీరోయిన్ వెళ్ళిన దారి అప్పటికే నడిచిన దారి, దానికి సంజాయిషీ అక్కర్లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. నీ కథలో ఆ సినిమా ఎందుకు ఆగిపోయిందో నీకు తెలియదు. రాయలేదని కాదు, నీకే తెలియదని నాకు అర్థమైంది. ముప్పై ఏడో పేజీలో ‘పరిస్థితులు కలిసిరాలేదు’ అన్నావు, అరవై రెండో పేజీలో ‘విధి’ అన్నావు, నూట పదో పేజీలో ‘డబ్బు సమస్యలు’ అన్నావు. ప్రేమ ఎందుకు ఆగిపోయిందో చెప్పాల్సిన చోట ఒక ఉత్తరం పోస్టులో తప్పిపోయిందన్నావు. ఒక సినిమా, ఒక ప్రేమ ఒకే ఏడాది ఆగిపోయి, రెండింటికీ వేరు వేరు కారణాలుంటే, అవి ఒకే పుస్తకంలో ఎందుకున్నట్టు? నాకు ఈ ఒక్క ప్రశ్నే నాలుగు రోజులూ బుర్రలో తిరిగింది.

సినిమా ఊరికే ఆగదమ్మా. నేను ఏడేళ్ళు మద్రాసులో, సినిమావాళ్ళ పేట సాలిగ్రామంలో ఉన్నాను, అది ఎలా ఆగుతుందో చూశాను. ఫైనాన్షియర్ వడ్డీ పెరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ తర్వాతి అడ్వాన్స్ ఇవ్వాలంటే రష్, అంటే అప్పటిదాకా తీసిన ఎడిటింగ్ కాని ఫిల్ము, చూపించమంటాడు, చూసి పెదవి విరుస్తాడు. కాల్షీట్లు అయిపోతాయి, మళ్ళీ ఇవ్వడానికి హీరోకి ఖాళీ ఉండదు. ల్యాబులో బాకీ పేరుకుంటుంది, అది కట్టనిదే నెగటివ్ బయటికి రాదు. ఇన్ని చోట్ల ఆగగలిగేది ఏదో ఒక చోట ఆగుతుంది, ఆ రోజు ఎవరో ఒకరు ఒక కాగితం మీద సంతకం పెడతారు, లేదా పెట్టనంటారు. ఆ కాగితం ఏదో, పెన్ను ఎవరి చేతిలో ఉందో నీకు తెలియాలి.

నిజంగా జరిగిందొకటి చెప్తాను. 1933లో తిరువనంతపురం కాపిటల్ థియేటర్లో ‘మార్తాండ వర్మ’ అనే మూకీ వేశారు. సి.వి. రామన్ పిళ్ళై నవల ఆధారం, తీసినాయన సుందర్ రాజ్, దర్శకుడు పి.వి. రావు. నవల హక్కులు కమలాలయ బుక్ డిపో అనే పుస్తకాల సంస్థవి. వాళ్ళు కోర్టుకెళ్ళారు. ఆట ఆగిపోయింది, ప్రింటు వాళ్ళ చేతికొచ్చింది. నిర్మాత నష్టపోయాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1974లో, పుణెలోని ఫిల్మ్ ఆర్కైవ్ ఆ ప్రింటుని సంపాదించింది. ఇప్పుడు ఆలోచించు. కేరళలో తీసిన మొట్టమొదటి సినిమా ‘విగతకుమారన్’ ఒక్క అడుగు కూడా మిగల్లేదు. మలయాళం మొదటి టాకీ, 1938 నాటి ‘బాలన్’, అదీ లేదు. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా లేదు. ఇన్ని పోయాక ‘మార్తాండ వర్మ’ ఎంతో కొంత మిగిలిందంటే, దాన్ని ఆపించిన వాళ్ళ దగ్గరే అది పడి ఉండబట్టి. థియేటర్లలో ఆడి ఊరూరా తిరిగి ఉంటే ఆ ప్రింటూ అరిగి, తెగి, చివరికి తుక్కులోకి పోయేదేమో. నేను ఈ సంగతి మొదటిసారి తెలుసుకున్నప్పుడు ఆ రాత్రి నిద్రపోలేదు. ప్రేమకథ రాసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి, ఆపిన చెయ్యే దాచిన చెయ్యి కావడం!

అందుకే అడుగుతున్నాను, నీ డబ్బాలు దాచిందెవరు, ఎందుకు దాచారు?

నీ మొదటి అధ్యాయంలో పద్నాలుగు రీళ్ళూ ఆలప్పుళ ఇంటి అటక మీద దొరుకుతాయి, అమ్మాయి డబ్బా మూత తీస్తుంది, ఫిల్ము తళతళలాడుతుంది. అలా ఉండదు. విడుదలకాని సినిమా నెగటివ్ ఇంట్లో ఉండదు, మద్రాసులో ల్యాబులో ఉంటుంది, బాకీ కింద. పైగా కేరళ వానాకాలం యాభై దాటాక ఆ మూత తీస్తే ముందు వాసన వస్తుంది, పాత ఆవకాయ జాడీ మూత తీసినట్టు ముక్కు చురుక్కుమనే పులుపు వాసన. అసిటేట్ ఫిల్ము కుళ్ళితే వచ్చే వాసన అది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, అంచులు లేచి అల అలలుగా ఉంటాయి, లాగితే బొమ్మ ఊడి వచ్చేస్తుంది. అది తెలియని మనిషి అయితే మొదటి రెండు నిమిషాల్లోనే ఆత్రంతో కొంత పాడు చేసేస్తుంది. నీ అమ్మాయి చేత ఆ తప్పు చేయించు. ప్రేమగా తాకి పాడు చెయ్యడం కంటే బాధ ఏముంటుంది.

ఇదంతా ఆలోచిస్తుంటే నాకొకటి తోచింది. నచ్చితే వాడుకో, నచ్చకపోతే వదిలెయ్, నేనేమీ అనుకోను.

అటక మీద పద్నాలుగు డబ్బాలు వద్దు. ఒక్కటే డబ్బా, దాంతో పాటు ఒక ల్యాబు రసీదు. ఆ డబ్బాలో ఉన్నది కొంత రష్. ఎడిటింగ్ కాలేదు కాబట్టి ప్రతి షాట్ ముందూ క్లాప్ బోర్డు ఉంటుంది, షాట్ నంబరూ, టేక్ నంబరూ ఉంటాయి. అమ్మాయి చూస్తుంది, తెర మీద ఒక అందమైన మనిషి, చెక్స్ చీర, తాతయ్య ప్రేమించిన మనిషి ఈవిడేనని నమ్ముతుంది. వెతుక్కుంటూ కాకినాడ వెళ్తుంది. అక్కడ డెబ్బై మూడేళ్ళావిడ ఫోనులో ఆ బొమ్మ చూసి, కళ్ళద్దాలు సర్దుకుని, ‘చీర నాదే. మనిషిని నేను కాదు’ అంటుంది.

ఏం జరిగిందంటే, పది రీళ్ళయ్యాక డిస్ట్రిబ్యూటర్ కొత్తమ్మాయి ముఖానికి కలెక్షన్లు రావన్నాడు, పేరున్న నటిని పెట్టి మొదటి నుంచి మళ్ళీ తీస్తేనే డబ్బు ఇస్తానన్నాడు. దర్శకుడి ఇంటి పొలం అప్పటికే తాకట్టులో ఉంది. అతను సంతకం పెట్టాడు. ఆ సంగతి ఆమెకి చెప్పలేకపోయాడు. మర్నాడు పొద్దున్న ఆమెని తీసుకెళ్ళే కారు రాలేదు, అలా తెలిసింది ఆమెకి. ఆమె ఊరికి వచ్చేసింది. అతను ఆమె చీరనే రెండో నటికి కట్టించి రెండు రోజులు తీశాడు, ఆరు షాట్లు, మూడో రోజు సెట్టుకి వెళ్ళలేదు. పొలం పోయింది, సినిమా పోయింది. అతను మోసం చేశాడని యాభై ఏళ్ళు నమ్మిన మనిషి, ఇప్పుడు ఆ రష్ చూస్తూ క్లాప్ బోర్డులు లెక్కపెడుతుంది. ఆరు. ఏడోది లేదు. అంతసేపూ ఆవిడ చేత ఒక్క మాటా అనిపించకు, లెక్క మాత్రం పెట్టించు.

చూశావా, సినిమా ఆగిన కారణం, ప్రేమ ఆగిన కారణం ఒకటే సంతకం. ఇంక విధి అక్కర్లేదు, పోస్టుమాన్ మీద నేరం మోపక్కర్లేదు. మిగిలిన డబ్బాలన్నీ ల్యాబులో వదిలేసి, ఆ ఒక్కటి మాత్రం అతను ఇంటికి ఎందుకు తెచ్చుకున్నాడన్నది నేను చెప్పను. సిగ్గుపడి దాచాడా, ఎప్పటికైనా ఆమెకి చూపించాలని దాచాడా, నాలుగైదు రోజులు వాడితో కూర్చుంటే నీకే తెలుస్తుంది.

ఇంకో విషయం శబ్దం గురించి. నీ కథలో దొరికిన సినిమాని ప్రొజెక్టర్‌లో వేయగానే హీరోయిన్ గొంతు వినిపిస్తుంది, అందరూ ఏడుస్తారు. అసలు ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చింది? బొమ్మ నెగటివ్ వేరు, శబ్దం నెగటివ్ వేరు, రెండూ కలిసేది చివర్లో, ప్రింటులో. ఔట్‌డోర్‌లో తీసిన సీన్లకి తర్వాత డబ్బింగ్ చెప్పాలి. మధ్యలో ఆగిన సినిమాకి డబ్బింగే జరిగి ఉండదు. పాటలు మాత్రం ముందే రికార్డయి ఉంటాయి. అంటే దొరికేది మూగ బొమ్మ. పెదవులు కదులుతాయి, మాట ఉండదు. నీకిది ఇబ్బంది అనిపించొచ్చు కానీ నా లెక్కలో ఇదే నీ పుస్తకానికి గుండెకాయ. ఎందుకంటే ఆ సినిమా పూర్తయి ఉంటే, మలయాళం సరిగ్గా రాని ఆ తెలుగమ్మాయికి వేరెవరో డబ్బింగ్ చెప్పేవారు. ఆమె గొంతు ఎప్పటికీ ఎవరికీ వినపడేది కాదు. ఇప్పుడు ఆ రసీదు పట్టుకుని వెతికి తెచ్చిన పాత రీళ్ళు వేసిన చీకటి గదిలో, తెర మీద ఇరవై మూడేళ్ళ తను పెదవులు కదుపుతుంటే, కుర్చీలో కూర్చున్న డెబ్బై మూడేళ్ళ తను ఆ మాటలు పైకి అంటుంది. తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టిన మలయాళం, యాభై ఏళ్ళయినా పోలేదు. ‘ళ’ దగ్గర కాకినాడ యాస. అక్కడ ఉన్న మలయాళీలకి నవ్వు రాదు. ఈ సీను కోసం నీ దగ్గరున్న వర్షాలన్నీ, బోటు హౌసులన్నీ ఇచ్చెయ్యొచ్చు.

వర్షం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, నీ పుస్తకంలో పంతొమ్మిది సార్లు వాన పడింది. నువ్వు రెండేళ్ళుగా కొచ్చి పక్కన కాక్కనాడ్‌లో ఉద్యోగం చేస్తున్నానని రాశావు కదా. నవోదయ స్టూడియో మీ పక్కనే. ఎనభైల దాకా మలయాళం సినిమా చాలావరకు మద్రాసులోనే తయారయ్యేదనీ, తర్వాత మెల్లగా ఇంటికి తిరిగొచ్చిందనీ నీకు తెలుసు. మరి నీ కుర్రాడిది ఆలప్పుళ. 1947లో కుంచాక్కో ఉదయా స్టూడియో పెట్టింది ఆ ఊళ్ళోనే. శారద మొదటి మలయాళం సినిమా తీసింది ఆయనే. ఇంటి పక్కన స్టూడియో పెట్టుకుని నీ కుర్రాడు రైలెక్కి మద్రాసు స్టూడియోలుండే కోడంబాక్కం ఎందుకు వెళ్ళాడు? ఎవరితోనైనా గొడవా, అక్కడ గేటు తెరవలేదా, పురాణాలూ, వడక్కన్ పాట్టు అనే ఉత్తర కేరళ వీరగాథల కథలూ తియ్యడం ఇష్టం లేదా? ఇది తేల్చుకుంటే ఆ మనిషి ఎలాంటివాడో సగం తెలిసిపోతుంది. వాన తగ్గించి ఇది పెట్టు. ఊరి కొట్టకలో, అంటే మన టెంటు హాలు లాంటి చోట, ఇంటర్వెల్లో పాట్టుపుస్తకం కొనుక్కున్న పిల్లవాడిగా అతన్ని ఒక్క పేజీ చూపించు. మనవాళ్ళూ పాటల పుస్తకాలు కొన్నారు కాబట్టి తెలుగు పాఠకుడికి ఆ కాగితం రంగు వెంటనే తెలుస్తుంది.

ఆ సినిమాని గొప్ప కళాఖండం చెయ్యాలని నువ్వు తాపత్రయపడ్డావు. విమర్శకుడొకడు వచ్చి ఇది విడుదలై ఉంటే చరిత్ర మారిపోయేదంటాడు. దయచేసి ఆ మనిషిని పంపించెయ్. దొరికిన సినిమా మామూలు సినిమా కావాలి. మూడు సీన్లు బాగుండాలి, ఐదు సాగదీతగా ఉండాలి, ఒక పాట నిజంగా బాగుండాలి. గొప్పదైతే అందరూ దాన్ని ప్రేమిస్తారు. మామూలుదైతే ఆ ఇద్దరే ప్రేమిస్తారు. నీకు కావాల్సింది రెండోది కదా?

అలాగని పాత సినిమా పోవడం చిన్న విషయమని కాదు. మలయాళ దర్శకుడు అరవిందన్ 1979లో తీసిన ‘కుమ్మాట్టి’ని 2021లో, ఆయనదే ‘తంప్’ని ఆ మరుసటి ఏడాది మళ్ళీ బాగుచేసి చూపించారు. ‘తంప్’కి అసలు నెగటివ్ కూడా లేదు. పుణె ఆర్కైవ్ ప్రింటు దాచింది కాబట్టి సరిపోయింది. ఆ ఆర్కైవ్‌ని నిలబెట్టిన పి.కె. నాయర్ తిరువనంతపురం మనిషే. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది, ఆ వెండి కోసం ప్రింట్లు కొని కరిగించేవాళ్ళున్న దేశంలో ఆయన డబ్బా డబ్బా పోగేశాడు.

‘విగతకుమారన్’ గురించి నీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తున్నాను. 1928 అంటారు కొందరు, 1930 అంటారు కొందరు. జె.సి. డేనియల్ తీశాడు. రోసీ అనే దళిత యువతి అందులో నాయర్ స్త్రీగా వేసింది. పై కులాలవాళ్ళు ఊరుకోలేదు, ఆమె ఊరొదిలి పారిపోవాల్సి వచ్చింది, మళ్ళీ నటించలేదు. సినిమా పోయింది. ఆమెది తెర మీద ఒక్క ఫ్రేము కూడా లేదు. నీ పుస్తకంలో ఎనభయ్యో పేజీలో ‘మరిచిపోవడం కూడా ఒక అందం’ అని రాశావు చూడు, ఆ వాక్యం చదివినప్పుడు నాకు రోసీ గుర్తొచ్చి బాధ కలిగింది. కొట్టెయ్ దాన్ని.

నా సంగతీ ఒకటి చెప్తాను, ఎవరికీ పెద్దగా చెప్పింది కాదు. 1983లో నేను మాటలు రాసిన మొదటి సినిమా, తెలుగు సినిమానే, రెండు పాటలూ క్లైమాక్సూ బ్యాలెన్స్ ఉండగా ఆగిపోయింది. నిర్మాత, పేరెందుకులే, ఒకరోజు ఆఫీసు తాళం వేసి వెళ్ళిపోయాడు. పద్నాలుగేళ్ళ తర్వాత పని మీద మద్రాసు వెళ్ళినప్పుడు ల్యాబులో అడిగాను. స్టోరు చూసే ఆయన రిజిస్టర్ తీసి వేలు పెట్టి చూపించాడు, మా సినిమా పేరు, ఎదురుగా ఎర్ర గీత. తుక్కుకి వెళ్ళిపోయిందట. నా ముఖం చూసి ఏమనుకున్నాడో, సొరుగులోంచి ఒక ముక్క తీసిచ్చాడు, ఎప్పుడో తెగిన పాజిటివ్ ముక్క. నలభై ఫ్రేములు. తెర మీద రెండు సెకన్లు కూడా రాదు. రంగులన్నీ పోయి ఎరుపు ఒక్కటే మిగిలింది. అందులో మా హీరోయిన్ ఏదో అనబోతోంది. ఏమనబోతోందో నాకు తెలుసు, ఆ మాట రాసింది నేనే కాబట్టి. ఆ ముక్క ఇప్పటికీ నా డైరీలో ఉంది. నేను ఇన్నేళ్ళలో రాసినవాటిలో ఆ మాట ఒక్కటే ఎవరూ వినలేదు, ఇవాళ్టికీ నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది కూడా అదే. నీ నవలిక రెండుసార్లు చదివించింది అందుకే అయ్యుంటుంది.

మనవరాలికీ, రెస్టోరేషన్ చేసే కుర్రాడికీ ప్రేమ పెట్టావు. తీసెయ్ అని చెప్పలేను, కానీ వాళ్ళు ప్రతిసారీ పాత జంట కూర్చున్నట్టే కూర్చుంటున్నారు, అదే బీచి, అదే బెంచీ. వాళ్ళని పని చెయ్యనీ. ఫిల్ము శుభ్రం చెయ్యడం, ఫిల్ము అంచున చిరిగిన చిల్లులు (పర్ఫొరేషన్లు) అతకడం, ఒక్కో ఫ్రేమూ స్కాన్ చెయ్యడం, గంటల తరబడి మాట్లాడుకోకుండా పక్కపక్కన కూర్చుని చేసే పని అది. ప్రేమ పుట్టాలంటే అక్కడే పుడుతుంది, బీచికి పంపక్కర్లేదు.

మలయాళం మాటలు బాగా వాడావు, అయితే ప్రతి మాట పక్కనా అర్థం చెప్పకు. ‘చేట్టా’ అని ఆమె అతన్ని మొదటిసారి పిలిచినప్పుడు తెలుగు పాఠకుడికి అర్థం కాకపోయినా పర్లేదు, పదోసారికి తెలిసిపోతుంది. ఆమె అన్ని నెలలూ ‘సార్’ అని పిలిచి, ఏ రోజు ‘చేట్టా’ అందో మాత్రం నీకు గుర్తుండాలి.

మొత్తం మళ్ళీ రాయడం ఇప్పుడే మొదలుపెట్టకు. ముందు చెన్నైలో ఒక రోజు ఉండి రా. సాలిగ్రామం, వడపళని వైపు పాత ల్యాబుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు ఇంకా ఉన్నారు. టీ తాగుతూ అడిగితే సాయంత్రం దాకా చెప్తారు, డిజిటల్ వచ్చాక ల్యాబులు మూతపడితే దిక్కులేని డబ్బాలు ఎటు పోయాయో వాళ్ళకే తెలుసు. తర్వాత ఇంటికొచ్చి ఒకే ఒక్క పని చెయ్. నీ అటక మీద దొరికిన ఆ రసీదు నీ చేత్తో ఒక తెల్లకాగితం మీద రాయి, తేదీ, సినిమా పేరు, ఎన్ని అడుగులు, బాకీ ఎంత, కింద ఎవరి సంతకం. రాసి నాకు ఫోటో తీసి పంపు.

బాకీ మాత్రం రౌండ్ ఫిగర్ వెయ్యకు.